సొమ్మర్ ఇ పి1 రివ్యూ: వింటే పాటలతో సహా వినండి, కుదిరితే ఒంటిగంటకే వినండి

వేసవి మొదలయ్యే టైంకి స్వీడన్ ఆఫీసుల్లో కాఫీ దగ్గర ఎవరైనా "ఈసారి లిస్టు చూశావా" అన్నారంటే ఏ లిస్టో వేరే చెప్పక్కర్లేదు, సొమ్మర్ ఇ పి1 లో ఈ ఏడు మాట్లాడబోయేవాళ్ళ లిస్టు. స్వీడన్ పబ్లిక్ రేడియో అయిన స్వెరియెస్ రేడియో వాళ్ళ ప్రోగ్రాం ఇది, సొమ్మర్ అంటే వేసవి, పి1 వాళ్ళ ఛానెల్ పేరు. జూన్ రెండో సగంలో వచ్చే మిడ్‌సొమ్మర్ పండగ టైంలో మొదలై ఆగస్టు నడిమి దాకా రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తుంది, రోజుకొక మనిషి, దాదాపు గంటన్నర, ఆ మనిషి మాటలు, ఆ మనిషే ఏరుకున్న పాటలు, అంతే. యాంకర్ ఉండడు, ప్రశ్నలుండవు, యాడ్స్ ఉండవు. 1959 నుంచి నడుస్తున్నదానికి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారేమో, కానీ మనవాళ్ళు చాలామంది ఇక్కడికొచ్చి ఏళ్ళు గడిచినా దీని పేరు కూడా వినకుండా ఉండిపోతున్నారు, విన్నవాళ్ళేమో ఫోన్‌లో పాడ్‌కాస్ట్ పెట్టుకుని స్పీడ్ పెంచి పదిహేను నిమిషాలు విని "బానే ఉంది" అని వదిలేస్తున్నారు, అది చూసి బాధేసి రాస్తున్నా.

మన వైపు వివిధభారతిలో విశేష్ జయమాల గుర్తున్నవాళ్ళకి ఐడియా వెంటనే అర్థమైపోతుంది, సినిమావాళ్ళు వచ్చి జవాన్ల కోసం నాలుగు మాటలు చెప్పి తమకిష్టమైన పాటలు వేసేవాళ్ళు కదా, దానికి దగ్గరగా ఉంటుంది. తేడా ఎక్కడంటే ఇక్కడ వచ్చేది సినిమావాళ్ళే కాదు. ఈరోజు పాటలమ్మాయి వస్తే రేపు డాక్టర్, ఎల్లుండి ఒక సైంటిస్ట్, ఆ తర్వాత ఫుట్‌బాల్ ప్లేయర్, ఆ మర్నాడు దేశంలో ఎవరికీ తెలియని ఒక మామూలు మనిషి. ఆ మామూలు మనిషికోసం ఒక సీటు ప్రత్యేకంగా ఉంటుంది, శ్రోతలే పేర్లు పంపుతారు, అలా వచ్చినవాళ్ళని శ్రోతల హోస్ట్ అంటారు. నాకైతే లిస్టులో ముందు వెతికేది ఆ పేరే, ఎందుకంటే పేరున్నవాళ్ళకి చెప్పుకోడానికి వంద వేదికలుంటాయి, వీళ్ళకి ఈ గంటన్నరే ఉంటుంది, అందుకని ఒక్క నిమిషం కూడా వేస్ట్ చెయ్యరు.

ఇందులో అసలు విషయం ఏంటంటే మధ్యలో ఎవరూ అడ్డు రాకపోవడం. ఇంటర్వ్యూ అయితే మనిషి ఏడుపు ఆపుకుంటున్నాడు అనగానే యాంకర్ ఓదార్పు మాటొకటి అంటాడు లేదా టాపిక్ మారుస్తాడు, ఇక్కడ మార్చడానికి ఎవరూ లేరు. చెప్పేవాళ్ళు ఒక మాట దగ్గర ఆగిపోతే ఆగిపోయినట్టే వినిపిస్తుంది. ఇంక చెప్పలేం అనుకున్నప్పుడు పాట వేస్తారు, ఆ పాట మూడు నిమిషాలు నడిచేలోపు మనం విన్నది లోపలికి దిగుతుంది, పాట అయ్యాక వాళ్ళ గొంతు మళ్ళీ వచ్చేసరికి కొంచెం సర్దుకుని ఉంటుంది, మనమూ సర్దుకుని ఉంటాం. అందుకే నేను మొదట్నుంచీ అందరికీ చెప్పేది పాటలు తీసేసి వినొద్దు అని. పాటలు మధ్యలో ఖాళీ నింపడానికి పెట్టినవి కావు, అవి కూడా మాటల్లో భాగమే, కొందరైతే నోటితో చెప్పకుండా పాటతోనే చెప్పేస్తారు.

దీనికి పునాది వేసింది టాగె డానియెల్‌సన్. స్వీడన్‌లో హాస్యం అంటే హస్సె, టాగె జంట పేరు ముందొస్తుంది, ఆ ఇద్దర్లో ఒకాయన ఈయన, అప్పట్లో రేడియోలో ఎంటర్‌టైన్‌మెంట్ విభాగంలో ఉండేవాడు. మొదటి ప్రోగ్రాం 1959 జూన్ 29న వచ్చింది, మాట్లాడింది యోర్గెన్ సెదర్‌బెర్గ్. ఇప్పటికీ మొదట్లో వినిపించే ట్యూన్ స్టెన్ కార్ల్‌బెర్గ్ కట్టిన సొమ్మర్ సొమ్మర్ సొమ్మర్, నెమ్మదిగా ఊగుతూ పోయే ట్యూన్, దాన్ని మార్చకుండా ఉంచడం వీళ్ళు చేసిన మంచి పనుల్లో ఒకటి. ప్రతి దానికీ రెండేళ్ళకోసారి కొత్త లోగో కొత్త మ్యూజిక్ పెట్టే రోజుల్లో తాత విన్న ట్యూనే మనవరాలు కూడా వింటోంది. హోస్టులు తల మీద పూల కిరీటం పెట్టుకుని దిగే ఫొటోలు కూడా అలాగే, మిడ్‌సొమ్మర్‌కి పిల్లలు పెట్టుకునే కిరీటమే, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా పెట్టుకుని నవ్వుతూ నిలబడతారు, నాకు ఆ ఫొటోలు చాలా ఇష్టం.

ఇప్పుడు గుర్తుండిపోయినవాటి గురించి చెప్పాలి. నేను ఎవరికైనా ఒకటే వినమని చెప్పాల్సొస్తే క్రిస్టియన్ గీడ్‌లుండ్ ది చెప్తా, 2013 వేసవిది. బోర్లెంగె ఊరి నుంచొచ్చిన షుగర్‌ప్లమ్ ఫెయిరీ బ్యాండ్‌లో డ్రమ్మర్, జర్నలిస్ట్ కూడా, కడుపు క్యాన్సర్ వచ్చి అది ఇంక తగ్గదని తెలిశాక తన గురించి తను రాసుకుంటూ వచ్చాడు, ఆ రాతలు దేశమంతా చదివింది. ఆ వేసవిలో సొమ్మర్‌లో మాట్లాడాడు, అదే సెప్టెంబర్‌లో పోయాడు, 29 ఏళ్ళు. నేనిక్కడ అందులో ఏం చెప్పాడో రాయను, రాస్తే మీరు వినేటప్పుడు ఆ మాటలు నా మాటల్లా వినిపిస్తాయి. ఒక్కటి మాత్రం చెప్తా, జాలి పుట్టించడానికి అతను ఏమీ చెయ్యలేదు, డ్రమ్స్ వాయించినవాడు కదా ఎక్కడ ఆపాలో తెలుసు, ఆ ఆపడంలోనే ఉంది అంతా. డ్రైవింగ్ చేస్తూ వినకండి, ఇది నిజంగా చెప్తున్నా.

పూర్తిగా వేరే రకం సినిమా డైరెక్టర్ ఇంగ్మార్ బెర్గ్‌మన్ ది. 2004లో, ఆయనకి 86 వచ్చాక. సినిమాల గురించి చెప్తాడని అందరూ ఎదురుచూస్తారు కదా, ఆయన సంగీతం గురించి మాట్లాడాడు, అసలు సంగీతం ఎక్కడ్నుంచి వస్తుంది అని శ్రోతల్నే అడిగాడు. జీవితమంతా జనాన్ని చీకటి హాల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపించిన మనిషి చివరికి బొమ్మ లేని చోటికొచ్చి ప్రశ్న అడగడం నాకు చాలా నచ్చింది. ముసలి గొంతు, కానీ ఆత్రం చిన్నపిల్లాడిది. స్వీడిష్ అంతగా రాకపోయినా ఆ గొంతు కోసం కాసేపు వినొచ్చు.

2020 సీజన్ గురించి కూడా చెప్పకపోతే లెక్క కుదరదు. కోవిడ్ మధ్యలో మిడ్‌సొమ్మర్ రోజు, జూన్ 20న, పర్యావరణం కోసం పోరాడే గ్రేటా థన్‌బెర్గ్‌తో మొదలుపెట్టారు. విమానం ఎక్కకుండా పడవలో అట్లాంటిక్ దాటి వెళ్ళిన ఏడాది ఎలా గడిచింది, పెద్ద పెద్ద నాయకులు తన పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి ఎలా ఎగబడ్డారు, ఇవన్నీ చెప్పింది. దీనికి ఇంగ్లీష్ వెర్షన్ కూడా చేశారు, అందుకని స్వీడిష్ ఒక్క ముక్క రానివాళ్ళు మొదట వినాల్సింది ఇదే. కొద్ది రోజులకే ఆండెర్స్ తెగ్నెల్ వచ్చాడు. అప్పుడు స్వీడన్ లాక్‌డౌన్ పెట్టలేదని ప్రపంచమంతా వేలెత్తి చూపిస్తున్న టైం, ఆ నిర్ణయాలకి ముఖంగా నిలబడిన ఎపిడెమియాలజిస్ట్ ఆయన, రోజూ ప్రెస్ మీట్‌లో చూస్తున్న మనిషే. ఆయన చెప్పేదానితో ఒప్పుకున్నవాళ్ళూ ఒప్పుకోనివాళ్ళూ అందరూ విన్నారు. ప్రెస్ మీట్‌లో ప్రశ్నలకి జవాబులిచ్చే మనిషికీ, ప్రశ్న అడిగేవాళ్ళు లేనప్పుడు తనంతట తను మాట్లాడే అదే మనిషికీ ఎంత తేడా ఉంటుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక దేశం అంత గొడవలో ఉన్నప్పుడు ఒక వారంలో ఈ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెరో గంటన్నరా ఇచ్చి వినడం అంటే చిన్న విషయం కాదండి.

ఇంకొకరు బ్యోర్న్ నత్తికో లిండెబ్లాడ్. మంచి కార్పొరేట్ ఉద్యోగం వదిలేసి థాయ్‌లాండ్ అడవి ఆశ్రమాల సంప్రదాయంలో పదిహేడేళ్ళు బౌద్ధ భిక్షువుగా ఉండి తిరిగొచ్చినాయన, తర్వాత కండరాలు మెల్లగా పనిచెయ్యకుండా పోయే ఏఎల్‌ఎస్ జబ్బు వచ్చింది, 2022 జనవరిలో పోయారు. మనకి సన్యాసం, వైరాగ్యం అనే మాటలు చిన్నప్పట్నుంచీ విన్నవే కాబట్టి ఇదేదో తెలిసిన కథలే అనిపించొచ్చు, కానీ ఆయన ఉపదేశం ఇవ్వడు, అదే గొప్ప. ఎదురుగా కూర్చుని టీ తాగుతూ చెప్తున్నట్టుంటుంది. ఊళ్ళో మా అమ్మకి ఫోన్‌లో వినిపిస్తూ ఒక్కో మాటా తెలుగులో చెప్పాను, అర్ధగంట అయ్యాక "నువ్వాగు, ఆయన్ని మాట్లాడనీ" అంది, భాష తెలియకుండానే.

టైం గురించి ఎందుకింత పట్టు పడుతున్నానంటే, ఇక్కడ చట్టం ప్రకారం ఏడాదికి 25 రోజులు సెలవు, అందులో నాలుగు వారాలు జూన్ నుంచి ఆగస్టు లోపు వరసగా తీసుకునే హక్కు ఉంటుంది. అందుకే జూలై వచ్చిందంటే ఆఫీసులు ఖాళీ, మెయిల్ పెడితే ఆటోమేటిక్ రిప్లై వస్తుంది, జనం అంతా ఊరి చివర చెక్క ఇళ్ళలోనో పడవల్లోనో కార్లలోనో ఉంటారు. ఒకడు కంచెకి రంగు వేస్తుంటాడు, ఒకామె స్ట్రాబెర్రీలు కడుగుతుంటుంది, ఇంకొకరు ఈ4 రోడ్డు మీద ఉత్తరానికి పోతుంటారు, అందరి దగ్గరా అదే గొంతు. మా పక్కింటి ముసలామె బాల్కనీలో రేడియో పెట్టుకుంటుంది, కింద పార్కింగ్‌లో ఎవరో కారు డోర్ తీసి పెట్టి అదే వింటుంటారు, నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ అదే వింటుంటాను. ఆ సాయంత్రం లిఫ్ట్‌లో కలిస్తే మాట్లాడుకోడానికి ఒక విషయం ఉంటుంది. స్వీడన్ వాళ్ళు పలకరించరు అని మనవాళ్ళు ఎప్పుడూ అంటుంటారు కదా, "ఈరోజు సొమ్మర్ విన్నారా" అని అడిగి చూడండి, ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడతారు, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కూడా చెప్తారు. రాత్రికి పేపర్ల సైట్లలో రివ్యూలు వచ్చేస్తాయి, మార్కులు కూడా వేస్తారు, ఒక రేడియో ప్రోగ్రాంకి రోజూ రివ్యూ రాసే దేశం ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే కనపడలేదు. రాత్రికి వింటే ఇవన్నీ చదివేసి వింటాం, ఒంటిగంటకి వింటే మన అభిప్రాయం మనదే.

ఇక పాడ్‌కాస్ట్ సంగతి. బయట పాడ్‌కాస్ట్ యాప్స్‌లో వచ్చేదాంట్లో పాటల హక్కుల సమస్య వల్ల పాటలు కోసేస్తారు, కాస్త వినిపించి వెంటనే మాటల్లోకి వచ్చేస్తుంది. తప్పు వాళ్ళది కాదు, హక్కులు అలా ఉన్నాయి. కానీ ఫలితం ఏంటంటే ఒక మనిషి తన నాన్న చనిపోయిన రోజు గురించి చెప్పి ఆగిపోతాడు, అయిదు సెకన్లు పాట, వెంటనే "తర్వాత నేను లండన్ వెళ్ళాను" అంటాడు. విన్నవాళ్ళకి వీడికి మనసు లేదా అనిపిస్తుంది. మనసు ఉంది, ఆ మనసు ఉన్న పాట కట్ అయిపోయింది. కాబట్టి స్వెరియెస్ రేడియో సొంత యాప్ లేదా సైట్‌లో లైవ్ పెట్టుకోండి, లేదా ప్రసారం అయిన కొద్ది రోజుల్లోనే అక్కడే మ్యూజిక్‌తో ఉన్నది వినండి. పాతవి వినేటప్పుడు పాడ్‌కాస్ట్ తప్పదనుకుంటే, హోస్ట్ వేసిన పాటల లిస్టు ఉంటుంది, పక్కన ఇంకో యాప్‌లో ఆ పాటలు పెట్టుకుని మాటలు ఆగిన చోటల్లా వేసుకోండి, కొంచెం చాకిరీనే గానీ చాలా తేడా ఉంటుంది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ఈ మధ్య చాలా ఎపిసోడ్లు ఒకే దారిలో పోతున్నాయి, మొదట ఒక నవ్వించే సంగతి, తర్వాత చిన్నప్పటి కష్టం, తర్వాత ఒక పెద్ద దెబ్బ, చివర్లో కోలుకోవడం. బాధ చెప్పుకోవడం తప్పని నేననను, కానీ ఎవరి బాధకి వాళ్ళ ఆకారం ఉంటుంది, అందరిదీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తుంటే నలభయ్యో రోజుకి చెవి మొద్దుబారుతుంది. స్క్రిప్ట్ రాసుకుని, ప్రొడ్యూసర్‌తో కూర్చుని దిద్దుకుని, ముందే రికార్డ్ చేస్తారు కాబట్టి కొందరి దగ్గర చదువుతున్నట్టు తెలిసిపోతుంది. యూట్యూబ్ నుంచో కంపెనీ సీఈఓ కుర్చీలోంచో వచ్చినవాళ్ళలో కొంతమంది గంటన్నరా తమ విజయం గురించే చెప్పుకుంటారు, అలాంటివి నేను పదిహేను నిమిషాలకే ఆపేస్తా. అన్నీ వినాలనే పట్టు అక్కర్లేదు. నాకు ఎప్పుడూ బాగా నచ్చేవి తమ పని గురించి లోతుగా చెప్పేవాళ్ళవి, ఒక సర్జన్ చెయ్యి ఎలా వణుకుతుందో, పక్షుల్ని లెక్కపెట్టే మనిషి తెల్లవారుజామున ఏం చూస్తాడో, అలాంటివి. ఆ రకం ఇంకా ఎక్కువ మందిని పిలవాలి.

భాష సంగతి అడుగుతారు చాలామంది. ఒకటి రెండు ఇంగ్లీష్ వెర్షన్లు తప్ప అంతా స్వీడిషే. ఎస్‌ఎఫ్‌ఐ, అంటే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి స్వీడిష్ నేర్పే క్లాసుల్లో, మొదటి కోర్సుల్లో ఉన్నవాళ్ళకి ఇది కష్టం, ముందు అదే రేడియోలో తేలిక స్వీడిష్ వార్తలు వస్తాయి, క్లార్‌టెక్స్ట్ అనే ప్రోగ్రాం ఉంది, అవి కొన్నాళ్ళు వినండి. బి1, అంటే భాషలో మధ్య స్థాయి, దాటాక సొమ్మర్‌కి రండి. ఎందుకంటే ఇందులో ఒక్కరే మాట్లాడతారు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరుచుకోరు, పాటల మధ్యలో బుర్రకి రెస్ట్ దొరుకుతుంది, పైగా స్కోనె యాస, గోతెన్‌బర్గ్ యాస, ఉత్తరాది యాస అన్నీ ఒక నెలలో చెవిన పడతాయి, ఏ క్లాసులోనూ ఇది దొరకదు. నేను చేసేది ఏంటంటే ముందు ఆ మనిషి ఎవరో కాస్త చదువుకుంటా, కథ తెలిస్తే మాటలు వాటంతటవే పట్టుబడతాయి. తెలియని మాట దగ్గర ఆపి డిక్షనరీ చూడను, పోతే పోనిస్తా, గొంతుని బట్టి సగం అర్థమవుతుంది.

ఖర్చు ఏమీ లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. నిజానికి ఇక్కడ పన్ను కట్టేవాళ్ళందరం డబ్బులిస్తూనే ఉన్నాం, 2019 నుంచి పబ్లిక్ రేడియో, టీవీల కోసం కట్టే పాత లైసెన్స్ ఫీజు తీసేసి, 18 దాటినవాళ్ళ ఆదాయంలో 1 శాతం, దానికో పైపరిమితి పెట్టి, పన్నుతో పాటే పట్టుకుంటున్నారు, మొదటి ఏడు ఆ పరిమితి 1,300 క్రోనర్ల పైచిలుకు. శాలరీ స్లిప్ చూసి ఈ డబ్బు ఎందుకు పోతోందని విసుక్కునేవాళ్ళకి నేను సొమ్మర్ పేరే చెప్తా. ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా వినొచ్చు, అక్కడ సాయంత్రం నాలుగున్నరకి లైవ్ వస్తుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర పాయింట్ అచ్చులో పోసిన కథలకి కోత. వేసవి దాకా ఆగలేమనుకుంటే క్రిస్మస్ రోజుల్లో దీనికే చెల్లెలు వింటర్ ఇ పి1 వస్తుంది, తక్కువ మందే ఉంటారు గానీ ఏరి పెడతారు కాబట్టి వేసవి మీద కూడా గట్టిగా ఉంటుందని నా అభిప్రాయం, పైగా బయట మూడింటికే చీకటి పడే రోజులు, ఇంట్లోంచి కదిలే పని ఉండదు. కొత్తవాళ్ళు ఇంగ్లీష్‌లో థన్‌బెర్గ్ తో మొదలుపెట్టండి, స్వీడిష్ వచ్చినవాళ్ళు లిండెబ్లాడ్, తర్వాత బెర్గ్‌మన్, గీడ్‌లుండ్ ది మాత్రం మర్నాడు సెలవు ఉన్న రోజు చూసుకుని పెట్టుకోండి. మీరు విన్నవాటిలో శ్రోతల హోస్టులవి ఏవి బాగున్నాయో కింద రాయండి, ఈ సీజన్ మొదలయ్యేలోపు పాతవి కొన్ని వినాలని ఉంది.